యోర్దాను కాదు, వాన

పద్మారావు నగర్, సికింద్రాబాద్
ఆగస్టు 11

తమ్ముడు యెషయాకు,

అక్క వందనాలు. మరదలు ఎస్తేరు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నువ్వు చెవి మిషను పెట్టుకుంటున్నావా, లేక కుయ్యిమంటోందని వంక పెట్టి బీరువాలో దాచేశావా? మొన్న నీతో ఫోనులో మాట్లాడాలని నేను అరిచిన అరుపులకి పక్క ఫ్లాటాయన తలుపు కొట్టి, "అంతా ఖైరియతేనా టీచర్?" అని అడిగిపోయాడు. నీకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. ఇక మనకు ఉత్తరాలే గతి. నాకేం బాధ లేదు. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

విషయం చెబుతున్నాను, కూర్చుని చదువు. నేనూ సుకన్యా నవంబరులో విదేశానికి వెళుతున్నాం. సుకన్య నీకు గుర్తుండే ఉంటుంది. బోయిన్‌పల్లిలో ఉంటుంది, మా బడిలో డ్రిల్లు టీచరు. నా రిటైర్‌మెంటు నాడు విజిలు వేసి పిల్లలందరినీ ఏడిపించింది. మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ఊరు, వారం లోపలే వచ్చేస్తాం. ఊరు ఏదన్నది ఇంకా మా ఇద్దరికీ తేలలేదు. తేలాక రాస్తాను.

చిన్నప్పుడు సండేస్కూల్లో మార్తమ్మ టీచరమ్మ గోడకి వేలాడదీసిన గుడ్డపటం గుర్తుందా? దాని మీద నీలంగా ఉండేది చూడు, ఆ సముద్రం. అప్పటి నుంచీ మనసులో ఉంది. పెళ్ళీ పిల్లలూ లేని దాన్ని, అడ్డేముంది అనుకుంటూనే ఇంత వయసు తెచ్చుకున్నాను. ఇక ఆగను.

ఎవరికీ చెప్పకు.

నీ అక్క
కాంతమణి

*

నరసాపురం
ఆగస్టు 20

ప్రియమైన అక్కయ్యకు,

ప్రభువు నామంలో తమ్ముడు వందనాలు. నీ ఉత్తరం చదివి ఆనందం పట్టలేక ఎస్తేరును వంటింట్లోంచి పిలిచి మళ్ళీ పైకి చదివాను. మన ఇంట్లో పరిశుద్ధ దేశం వెళ్ళే మొదటి మనిషివి నువ్వు! నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవాడో.

ఎవరికీ చెప్పకు అన్నావు. నీ వినయం నాకు తెలియదా? ఇలాంటి శుభవార్త దాచటం పాపం కాబట్టి ఆదివారం ఆరాధనలో చెప్పేశాను. పాస్టరు లూకా గారు నిన్ను ముందుకు పిలిచినట్టే చేతులెత్తి ప్రార్థన చేశారు. తిరిగి వచ్చాక నువ్వు ఇక్కడికొచ్చి సాక్ష్యం చెప్పాలని అందరూ పట్టుబట్టారు. క్రిస్మస్ ముందు ఆదివారం నీకు అట్టేపెట్టాం.

ఊరు తేలలేదు అన్నావు. బేత్లెహేమా, నజరేతా అని తికమక పడకు, టూరు వాళ్ళు అన్నీ చూపిస్తారు. మన సంఘం ఆడవాళ్ళు యోర్దాను నది నీళ్ళ కోసం సీసాలు ఇస్తున్నారు. కాదనలేకపోయాను. అన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి జోగారావు చేతికిచ్చాను. వారం వారం మన కొబ్బరికాయల లోడు బోయిన్‌పల్లి మార్కెట్‌కి తోలేది అతనే, నీ ఇల్లు తెలుసు. అందులో చిన్న దగ్గుమందు సీసా మార్తమ్మ గారిది. ఆవిడ మంచం దిగి చాలా కాలమైంది. తొంభై దాటాయి. ముందు ఆ సీసా నింపు.

తెల్లచీరలు రెండు కొనుక్కో. నీళ్ళలో దిగేటప్పుడు కావాలి.

క్రీస్తునందు నీ తమ్ముడు
యెషయా, సంఘపెద్ద

*

సికింద్రాబాద్
సెప్టెంబరు 2

యెషయా,

పొద్దున్నే జోగారావు సంచి మోసుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. "అయ్యగారు పగలకుండా ఇమ్మన్నారండి" అని గుమ్మంలో దింపాడు. అప్పుడే సుకన్య వచ్చింది. సంచిలోకి తొంగి చూసి, "ఏందే కాంతమణీ, గివేం సీసాలు? సారా దుకాణం షురూ చేస్తున్నవా?" అంది. అందులో ఒకటి బ్రాందీ సీసా, పైన కాగితం కూడా పీకలేదు. మీ సంఘంలో ఎవరిదో నువ్వే కనుక్కో.

నీ ఉత్తరం చదివాక నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ముసలి క్రైస్తవురాలు సముద్రం దాటుతానంటే అది యెరూషలేమే అయి తీరాలా? మధ్యధరా సముద్రానికి ఒకటే ఒడ్డు ఉందా? నా దగ్గర చదువుకుని ఉంటే నీకు సున్నా వేసేదాన్ని.

ఊరు తేలింది. నేపుల్స్. ఇటలీలో ఉంది. నేను ఫ్రాన్సులో ఉన్న మార్సెయి అన్నాను, సుకన్య నిప్పుకొండ ఉన్న ఊరే కావాలంది. "నా జిందగీల ఒక్క అగ్నిపర్వతమన్న చూడాలె" అని కూర్చుంది. సరేనన్నాను. నా పని ఏ ఊళ్ళోనైనా అవుతుంది.

నా పనేమిటో విను. ఎనిమిదో తరగతికి నేను ఏటా చెప్పిన పాఠం ఒకటుంది, మధ్యధరా శీతోష్ణస్థితి. వేసవి పొడిగా ఉండును, చలికాలమున వర్షము కురియును. ఆ పాఠం మాకు ఎప్పుడూ నవంబరులోనే వచ్చేది. బయట చక్కగా ఎండ కాస్తూ ఉండేది. వెనక బెంచీలోంచి సత్యదేవ్ అనే పిల్లాడు లేచి, "చలికాలం వాన ఏంది టీచర్? మీరు చూసిన్రా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. వాడికి ఇప్పుడు బట్టతల వచ్చింది. నేను మాత్రం ఆ వాన ఇంకా చూడలేదు. చూడాలని ఉంది, అంతే. అందుకే నవంబరు. అక్కడ వాన బాగా పడే నెల అదే.

ఆ ట్రావెల్స్ కుర్రాడు, "ఆఫ్ సీజన్ ఆంటీ, ఫుల్ బారిష్ ఉంటది, మేలో పోండి" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. బారిష్ కోసమే పోతున్న బాబూ అన్నాను. నా వైపు ఒకసారి, సుకన్య వైపు ఒకసారి చూసి మంచినీళ్ళు తాగాడు.

సంచి జోగారావు చేతికే తిరిగి ఇస్తున్నాను. మార్తమ్మ టీచరమ్మ సీసా కూడా. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, కళ్ళ నీళ్ళు వచ్చాయి. నాకు ఆ సముద్రాన్ని మొదట చూపించింది ఆవిడే. కానీ లేని నీళ్ళు తెస్తానని ఆవిడకి చెప్పలేను. ఆదివారం నువ్వే లేచి, పొరపాటు పడ్డానని అందరికీ చెప్పు.

నీ అక్క
కాంతమణి

*

నరసాపురం
సెప్టెంబరు 16

అక్కయ్యకు,

వందనాలు. నీ ఉత్తరం అందింది. సంచీ అందింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

చలికాలంలో వాన చూడాలంటే నరసాపురం రావచ్చుగా? నవంబరు వస్తే మాకు తుఫాను తప్పదు. వాన చాలకపోతే మా వంటింట్లో కూర్చో, పెంకుల సందుల్లోంచి నీ నెత్తి మీదే కురుస్తుంది. దానికి ఇటలీ ఎందుకు? ఈ మాట నేను లూకా గారితో అనలేను, సంఘంతో అనలేను. "మా అక్క వాన చూడ్డానికి వెళుతోందండి" అంటే నన్ను ఏమనుకుంటారు? మా అక్కకి మతి పోయిందనుకుంటారు. నాకు అదే భయం.

నేను ఇంకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. సీసాలన్నీ బీరువా వెనక దాచాను. బ్రాందీ సీసా ఎవరిదో నాకు తెలుసు, అడగకు.

ఒక దారి దొరికింది. పటం ముందేసుకుని కూర్చుంటే, నేపుల్స్ పక్కనే పౌలు గారు రోముకు వెళుతూ ఓడ దిగిన రేవు ఉందని తేలింది. అది చూశాక నా ప్రాణం లేచి వచ్చింది. నువ్వు ఆ రేవులో ఒక్క పూట నిలబడు. రెండు ఫొటోలు దిగు, తెల్లచీరలో. అపొస్తలుని అడుగుజాడల్లో యాత్ర అని నేను ఇక్కడ చెప్పుకుంటాను. అబద్ధం కాదు కదా. వాన కూడా చూసుకో, ఎవరొద్దన్నారు? పేరు మాత్రం యాత్ర అని ఉండనీ.

అది కూడా కాదంటే నేను ఒప్పుకోను. నాన్న పోయాక ఇంటికి మగదిక్కుని నేనే.

క్రీస్తునందు
యెషయా, సంఘపెద్ద

*

సికింద్రాబాద్
అక్టోబరు 5

యెషయా,

నిన్ను అడగలేదు. నీకు చెప్పాను. రెండూ ఒకటి కావు.

మగదిక్కువట. నీకు లాగు బొత్తాలు పెట్టింది నేను. బాపట్లలో నీ చదువుకి నా మొదటి జీతం నుంచి పంపింది నేను. ఆ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు. ఎత్తించావు కాబట్టి ఎత్తాను, ఇక ఎత్తను.

నువ్వు ఒంటరివి కాదులే. సుకన్య కొడుకు హరికిషన్ కూడా నీలాంటివాడే. "కాశీకి తీస్కపోత గద అమ్మా, గా ఇటలీల నీకేం పని? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడట. "కాశీకి నువ్వు పోయిరా బిడ్డా, నాకు జెర టైముంది" అందట ఆవిడ. ఈ వయసులో ఆడది గడప దాటాలంటే దేవుడైనా పిలవాలి, కోడలికైనా నొప్పులు రావాలి. నాకు కోడలు లేదు. దేవుణ్ణి నేను ఆదివారం ఆదివారం ఇక్కడే కలుస్తున్నాను, ఆయన నన్ను ఇటలీ రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

పౌలు గారి సంగతి. ఆయన ఆ రేవులో ఖైదీగా దిగారు. సిపాయిల కాపలాలో దిగారు. నేను ఖైదీగా వెళ్ళటం లేదు, నీ కాపలాలో అసలే వెళ్ళను. ఆ మహానుభావుడి మీద నాకు ఎంతో భక్తి ఉంది. అందుకే నా షికారుకి ఆయన్ని ముసుగుగా వాడుకోను.

తుఫాను వేరు, మధ్యధరా వాన వేరు. ఆ గాలులు పడమటి నుంచి వస్తాయి. తీరిక ఉంటే పటం తిరగేసి చూడు.

వీసాలు వచ్చాయి. నవంబరు ఇరవయ్యో తారీకు ప్రయాణం. మొన్న ప్యాట్నీ సెంటర్‌కి వెళ్ళి గట్టి జోళ్ళు కొన్నాను. తెల్లచీర కొనలేదు. ఎర్ర రెయిన్‌కోటు కొన్నాను.

కాంతమణి

*

నరసాపురం
నవంబరు 14

అక్కయ్యకు,

వందనాలు. ఆదివారం నీకోసం ప్రయాణ ప్రార్థన జరిగింది. ఒద్దనలేక, నిజం చెప్పలేక నేనూ మోకరించాను. యెరూషలేము క్షేమంగా చేరాలనే ప్రార్థించారు. దారి మళ్ళించుకోవటం దేవుడి పని.

ఎర్ర రెయిన్‌కోటు విషయం ఎస్తేరుకు చెప్పాను. చాలాసేపు నవ్వింది. ఎందుకో నాకు చెప్పలేదు.

మందులు మరిచిపోకు.

యెషయా

*

నేపుల్స్
నవంబరు 24

తమ్ముడూ,

వాన పడుతోందిరా!

వచ్చిన రోజు నుంచీ పడుతూనే ఉంది. ఇప్పుడు హోటలు గదిలో కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. నా గట్టి జోళ్ళు లోపలిదాకా తడిసి ముద్దయ్యాయి. సుకన్య నాతో మాట్లాడటం మానేసింది.

కారణం ఆ కొండ. ఊళ్ళో ఎక్కడ నిలబడినా అగ్నిపర్వతం కనపడుతుందన్నారు. మాకు ఒక్కసారి కూడా కనపడలేదు. మబ్బు దాన్ని మొదలుదాకా మింగేసింది. సుకన్య పొద్దున్నే బాల్కనీలోకి వెళ్ళి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది. పిల్లలు లైనులోకి రాకపోతే నిలబడేదే, అలాగ. నిన్న, "నీ వానకేం రోగమే? జెరసేపు ఆగితే ఏం పోయింది?" అని నన్నే తిట్టింది. కాసేపటికి ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. అంటే కోపం కొంచెం తగ్గినట్టు.

వాన ఎలా ఉందో చెబుతాను. వీధులకి పెద్ద పెద్ద నల్లరాళ్ళు పరిచారు, ఆ నిప్పుకొండ రాళ్ళేనట. తడిస్తే ఇంటి ముందు దీపాలు వాటిలో తల్లకిందులుగా కనపడతాయి. సందులు ఎంత ఇరుకంటే, ఈ మేడకీ ఆ మేడకీ మధ్య తాళ్ళు కట్టి బట్టలు ఆరేస్తారు. వాన వచ్చినా తియ్యరు, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి ఊరుకుంటారు. ఆ పట్టా మీద నీళ్ళు నిండి, బొజ్జలా దిగి, ఒక మూల నుంచి దారంలా జారతాయి. అది చూస్తూ నేను ఒక గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాను. ఆ ఇంటావిడ నాకు కుర్చీ వేసింది.

సముద్రం, ఆకాశం రెండూ ఒకటే రంగు. డస్టరుతో తుడిచాక బోర్డు మీద మిగిలే సుద్దరంగు. చినుకు సముద్రం మీద పడ్డ చోటల్లా చిన్న గుంట పడి వెంటనే పూడిపోతుంది. గాలి నిజంగానే పడమటి నుంచి వస్తోంది. గొడుగు అటే పట్టాల్సి వచ్చింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఉంది. తడిసిన నిమ్మచెట్ల వాసన మాత్రం పుస్తకంలో లేదు.

నేను రెయిన్‌కోటు టోపీ తీసేసి మొహం పైకెత్తి నిలబడ్డాను. చన్నీళ్ళు మెడ మీంచి లోపలికి దిగాయి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది ఎవరికీ సాక్ష్యంగా చెప్పుకునేది కాదు. దీనివల్ల ఎవరి రోగమూ తగ్గదు. నాకు ఇది చాలు.

మార్తమ్మ టీచరమ్మ కోసం ఒక సీసా నింపాను. బాల్కనీ పిట్టగోడ మీద పెట్టి పట్టిన వాన. దాని మీద కాగితం అంటించి రాశాను: "నేపుల్స్ వాన. ఏ నదీ కాదు." ఆ కాగితం పీకావంటే నీ మొహం చూడను. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, సీసాతో పాటు బోయిన్‌పల్లిలో జోగారావుకి ఇస్తాను.

క్రిస్మస్ ముందు ఆదివారం సాక్ష్యానికి నేను రావటం లేదు.

నీ అక్క
కాంతమణి

*

నరసాపురం
డిసెంబరు 23

అక్కా,

ముందు నా తప్పుడు ఆలోచన చెబుతాను, తర్వాత తిట్టు. జోగారావు సీసా ఇచ్చిన రోజు నేను ఆ కాగితం పీకేద్దామనే అనుకున్నాను. గోరుతో ఒక మూల లేపాను కూడా. ఎస్తేరు చూసి, "వదినకి తెలియకపోవచ్చు, నాకు తెలుస్తుందండి" అంది. మళ్ళీ అంటించేశాను.

సీసా పట్టుకుని మార్తమ్మ గారింటికి వెళ్ళాం. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చదివింది. మీరు దగ్గుమందు సీసా ఇచ్చి అడిగిన యోర్దాను నీళ్ళు కావండి, మన్నించండి, కాంతమణి వెళ్ళింది యెరూషలేము కాదండి అని నేను నీళ్ళు నమిలాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "నేనెప్పుడు అడిగానురా యోర్దాను నీళ్ళు? అవతల నా దగ్గుమందు సీసా కనపడక శ్రావణం నుంచీ వెతికిస్తున్నాను, నువ్వా పట్టుకెళ్ళింది?" అంది. ఎస్తేరు తల దించుకుంది. ఆవిడ నిద్రపోతుంటే అలమరలోంచి ఈవిడే తీసిందట, అందరూ ఇస్తుంటే పెద్దావిడది లేకపోతే బాగుండదని. ఆ సీసా పట్టుకుని నువ్వు ఏడ్చావని చదివి ఈవిడ ఎందుకు ముఖం చాటేసిందో నాకు అప్పుడు తెలిసింది.

వాన చూడ్డానికి వెళ్ళిందండి అని చెప్పాను. మార్తమ్మ గారు నవ్వింది. "కాంతం తడిసిందా?" అని అడిగింది. తడిసిందన్నాను. "జలుబు చెయ్యలేదుగా?" లేదన్నాను. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని, పట్టి పట్టి చూసుకుని, జుట్టుకి రాసేసుకుంది.

ఇక ఆదివారం. సాక్ష్యాల వేళకి లూకా గారు నీ పేరు పిలిచారు. నేను లేచాను. మా అక్క పరిశుద్ధ దేశం వెళ్ళలేదండి, ఆవిడ వెళతానని చెప్పనూ లేదు, నేనే తొందరపడ్డాను, మీ సీసాలు మా బీరువా వెనక ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్ళండి అని చెప్పాను. ఎవరో, "మరి ఎక్కడికి వెళ్ళారండి?" అన్నారు. నేపుల్స్. "ఎందుకండి?" చూడ్డానికి. "ఏం చూడ్డానికండి?" వాన. వెనకనుంచి కోటయ్య, "వాన కోసం అంత దూరవేంటండి, మతుండే వెళ్ళారా?" అన్నాడు. బ్రాందీ సీసా వాడిదే. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "మా అక్కకి చూడాలనిపించింది, చూసింది. నీకు చెప్పి వెళ్ళాలా?" అని, చెవి మిషను తీసి జేబులో వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు తెలియదు. పెదాలు చాలాసేపు ఆడాయి.

అక్కా, నీ నేపుల్స్ ఉత్తరం చాలాసార్లు చదివాను. నల్లరాళ్ళు రాశావు, పట్టా మీంచి జారే నీళ్ళు రాశావు, వాసన రాశావు, చలి రాశావు. వాన చప్పుడు మాత్రం ఒక్క చోట కూడా రాయలేదు. ఉరుమైనా లేదు. నువ్వు మరిచిపోయే మనిషివి కాదు. కావాలనే వదిలేశావు. మా పెంకుల మీద వాన పడుతున్నా నాకు తెలియటం లేదని, ఎస్తేరు బట్టలు తియ్యటానికి పరిగెత్తితేనే తెలుస్తోందని ఎవరికీ చెప్పుకోలేదు. నీకెలా తెలిసిందో అడగను. నీ ఉత్తరంలో నాకు వాన పూర్తిగా కనపడింది, ఏమీ తక్కువ కాలేదు.

వచ్చే నవంబరుకి, నువ్వు ముందు అనుకున్న ఆ రెండో ఊరు ఉందిగా, మార్సెయి. దేవుడు పిలవలేదు. కోడలికి నొప్పులూ లేవు. నాకు చూడాలని ఉంది. పాస్‌పోర్టు ఫొటోకి చెవి మిషను ఉంచుకోవాలా, తియ్యాలా, వెంటనే రాయి.

నీ తమ్ముడు
యెషయా